తల్లి చదువు, పిల్లల పోషణ: వారానికో గంట దొరికితే ఏం నేర్పాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మండలంలో డ్వాక్రా సంఘాల మహిళలకు వారానికో గంట వయోజన విద్య తరగతి పెట్టబోతున్నారు. వచ్చేవాళ్లలో కొందరు బడి మొహం చూడనివాళ్లు, కొందరు ఐదో తరగతిలో మానేసినవాళ్లు. చాలామంది చంకలో రెండేళ్లలోపు పిల్లలున్నారు. తల్లి చదువుకుంటే పిల్లలు గిడసబారరని అంతటా చదివారు కాబట్టి, ముందు అక్షరాలు నేర్పాలా, తిండి గురించి చెప్పాలా అని అడిగారు.

తిండితో మొదలుపెట్టండి. ఆ గంటలో నలభై నిమిషాలు గిన్నె, చెంచా, పొయ్యి దగ్గర గడపండి. మిగతా ఇరవై నిమిషాల్లో అక్షరాల కంటే ముందు అంకెలు నేర్పండి. ఎనిమిది నెలల పిల్ల ఉన్న తల్లికి ఈ రోజు ఓనమాలు మొదలుపెడితే, ఆమె కూడబలుక్కోకుండా చదివేనాటికి ఆ పిల్లకు రెండేళ్లు నిండుతాయి. ఎత్తు వెనకబడేది ముఖ్యంగా ఆ రెండేళ్లలోనే. తర్వాత దాన్ని పూర్తిగా పూడ్చడం చాలా కష్టం.

చదువు ప్రభావం అబద్ధమని నేను అనడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అసలు బడికి వెళ్లని తల్లుల పిల్లల్లో 46 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. పన్నెండేళ్లో అంతకంటే ఎక్కువో చదివిన తల్లుల పిల్లల్లో అది 26 శాతం. పరిశోధకులు లిసా స్మిత్, లారెన్స్ హడాడ్ 2000లో 63 వర్ధమాన దేశాల లెక్కలు తీశారు. 1970 నుంచి 1995 దాకా తక్కువ బరువు పిల్లలు తగ్గడంలో 43 శాతం వాటా ఆడవాళ్ల చదువుదేనని, తిండి లభ్యత పెరగడం వాటా 26 శాతమని తేల్చారు.

అయితే ఈ అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. ఇంటర్ దాకా చదివిన అమ్మాయి సాధారణంగా కాస్త ఉన్న ఇంట్లో పుట్టి ఉంటుంది, పెళ్లి ఆలస్యంగా అయి ఉంటుంది, ఇంట్లో మరుగుదొడ్డి ఉంటుంది, ఊరికి రోడ్డుంటుంది. సోనాల్డె దేశాయ్, సౌమ్య అల్వా 1998లో 22 దేశాల సర్వేలు తీసుకుని ఇంటి స్థితిగతుల్ని, ఊరి వసతుల్ని లెక్కలోకి తెస్తే, పిల్లల ఎత్తు మీద తల్లి చదువు ప్రభావం చాలా దేశాల్లో బాగా పలచబడింది. మరుసటి ఏడాది మొరాకో మీద వచ్చిన అధ్యయనం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. అక్కడ పిల్లల్ని నిలబెట్టింది తల్లికున్న ఆరోగ్య జ్ఞానం. ఆ జ్ఞానం బడిలో చెప్పింది కాదు. బడిలో వచ్చిన చదవడం, లెక్కపెట్టడం ఆసరాగా తర్వాత బయట సంపాదించుకున్నది.

మొదట చెప్పిన జాతీయ సర్వే లెక్కలో ఇంకో సంగతి ఉంది. బాగా చదువుకున్న తల్లుల పిల్లల్లోనూ నలుగురిలో ఒకరు పొట్టిగానే ఉన్నారు. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది 11 శాతానికే. అంటే డిగ్రీ చదివినవాళ్ల ఇళ్లలోనూ చాలాచోట్ల గిన్నెలో ఉన్నది పల్చటి జావే, లేకపోతే పాలలో నానేసిన బిస్కెట్టే. పిల్లకు ఏం, ఎంత, ఎలా పెట్టాలో మన బడుల్లో ఎవరూ చేతికిచ్చి నేర్పలేదు. బడికి వెళ్లని తల్లికి కూడా నేర్పగలిగిన భాగం ఇదే.

ఇక తరగతిలో ఏం చేయాలి అన్నదానికి వస్తాను.

మొదటి పాఠం చిక్కదనం. మన పల్లెల్లో పిల్లకు తిండి చాలకపోవడానికి నేను మొదట చెప్పే కారణం ఇదే. రెండు చెంచాల రాగిపిండి, అంటే సుమారు 20 గ్రాములు, గ్లాసు నీళ్లలో కాస్తే వచ్చే జావలో 65 కేలరీలకు మించవు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకు తల్లిపాలు కాక రోజుకు ఇంకో 200 కేలరీలు కావాలి. ఆ జావతో అవి రావాలంటే మూడు గ్లాసులు తాగాలి. ఎనిమిది కిలోల పిల్ల పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు. పొట్ట నీళ్లతో నిండుతుంది, పిల్ల నిద్రపోతుంది, కడుపు నిండిందని తల్లి సంతోషపడుతుంది. పైగా ఆ జాగాలో పట్టాల్సిన తల్లిపాలు కూడా తగ్గిపోతాయి.

దీన్ని మాటలతో చెప్పొద్దు. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఇంట్లో రోజూ కాచే జావ. రెండోదాంట్లో ఇలా వండినది: బియ్యం 30 గ్రాములు (రెండు పెద్ద చెంచాలు), పెసరపప్పు 15 గ్రాములు (ఒక పెద్ద చెంచా), గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు, నాలుగు పాలకూర ఆకులు సన్నగా తరిగి. కుక్కర్‌లో నాలుగైదు కూతలు రానిచ్చి, గరిటె వెనక భాగంతో మెదిపి, దించాక చిన్న చెంచా నూనో నెయ్యో కలపాలి. నీళ్లు మరిగి దగ్గరపడ్డాక ఇది గిన్నెడు, అందులో దాదాపు 200 కేలరీలు. నూనె చెంచా ఒక్కటే 40 కేలరీల దాకా ఇస్తుంది. అందుకే దాన్ని వదలొద్దని గట్టిగా చెప్పండి.

తర్వాత ఒక్కొక్క తల్లి చేతికీ చెంచా ఇచ్చి రెండు గిన్నెల్లో ముంచి వంచమనండి. జావ ధారగా కారిపోతుంది. మెదిపిన అన్నం చెంచాను పట్టుకుని ఒక్క క్షణం ఆగి, ముద్దగా జారుతుంది. చెంచా వంచితే కారిపోయేది తాగేది, ఆగి జారేది తినేది. ఈ పరీక్షకు అక్షరం ముక్క అక్కర్లేదు, ఇంటికెళ్లి అత్తగారికీ చేసి చూపించొచ్చు.

జావ అలవాటును మాన్పించాలని పట్టుబట్టకండి, జావనే చిక్కన చేయించండి. రాగుల్ని రాత్రంతా నానేసి, బట్టలో మూటగట్టి ఒకటిన్నర రోజు ఉంచితే మొలకలొస్తాయి. నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చి పిండి పట్టించాలి. మామూలు రాగిపిండి 50 గ్రాములతో గ్లాసు నీళ్లలో గట్టిగా సంకటిలా కాచి, గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు ఈ మొలకపిండి ఒక చిన్న చెంచా కలిపి పది నిమిషాలు వదిలేస్తే, గట్టి సంకటి తినడానికి వీలుగా పల్చబడుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించాలి. మొలకలో పుట్టిన ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి నీళ్లు పొయ్యకుండానే పల్చనవుతుంది. 65 కేలరీల గ్లాసు 160 దాటుతుంది. తప్పు జరిగేది రెండు చోట్ల. మొలకల్ని బాగా వేయించేస్తే ఎంజైమ్ చచ్చిపోయి జావ పల్చబడదు. బూజు వాసన వచ్చిన మొలకల్ని పారేయకుండా వాడితే పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి.

అంగన్‌వాడీలో చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పిండి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నెలకు ఇచ్చే రెండున్నర కిలోల ప్యాకెట్ రోజుకు 100 గ్రాముల లెక్కన ఒక్క పిల్లకు ఉద్దేశించింది. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పది రోజుల్లో అయిపోతుంది. పంచొద్దని తల్లిని తిట్టడం తప్పు. పెద్ద పిల్లలూ ఆకలితోనే ఉన్నారు. చిన్నదాని వంతును పొద్దున్నే వేరే డబ్బాలో తీసిపెట్టమని చెబితే చేస్తారు.

రెండో పాఠం కొలత, పూటలు. పిల్లకంటూ వేరే గిన్నె ఉండాలి. తల్లి కంచంలోంచి తినే పిల్ల ఎంత తిన్నదీ ఎవరికీ తెలియదు. 250 మిల్లీలీటర్ల గిన్నె ఒకటి కొలతకు పెట్టుకోండి. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలలకల్లా సగం గిన్నె, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో సగం గిన్నె మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒక చిరుతిండి. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె మూడు నాలుగు సార్లు, ఒకటి రెండు చిరుతిళ్లు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా.

అన్నప్రాశన విషయంలో ఒక తేడా గమనించండి. ఆడపిల్లకు ఐదో నెలలో, మగపిల్లాడికి ఆరో నెలలో చేసే ఇళ్లున్నాయి. ముహూర్తానికి పాయసం నాకిస్తారు, ఫొటోలు దిగుతారు. మర్నాటి నుంచి మళ్లీ పాలే. అసలు తిండి తొమ్మిదో నెలలోనో పదో నెలలోనో మొదలవుతుంది. మీ తరగతిలో ఐదో నెల పిల్లల తల్లుల పేర్లు వేరే రాసుకుని, పిల్లకు 180 రోజులు నిండే తేదీని క్యాలెండర్ మీద చుట్టి ఇవ్వండి.

మూడో పాఠం గుడ్డు. 2017లో ఈక్వడార్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు ఆరు నెలల పాటు రోజుకో గుడ్డు పెడితే, పొట్టిగా ఉండిపోయే ప్రమాదం దాదాపు సగం తగ్గింది. తర్వాత మలావీలో అదే పని చేస్తే ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి గుడ్డును మంత్రంలా అమ్మొద్దు. కానీ ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులు, నమలక్కర్లేని తిండి, పెంకులోనే వచ్చే శుభ్రత ఇంత తక్కువ ధరలో ఇంకెక్కడా దొరకవు. మాటలు రాకముందే గుడ్డు పెడితే నాలుక మందమవుతుందనే మాట కొన్ని ఊళ్లలో వింటారు. వాదించకండి. ఏడాది లోపే గుడ్డు తిని గలగలా మాట్లాడే పిల్ల ఆ ఊళ్లోనే ఉంటుంది. ఆ పిల్ల నాయనమ్మను తరగతికి పిలిచి మాట్లాడించండి. గుడ్డు తినని ఇళ్లలో పప్పు వంతు పెంచి, పెరుగు, వేయించి మెత్తగా పొడి కొట్టిన వేరుశనగ కలపాలి. పలుకులు మాత్రం వద్దు, గొంతులో అడ్డం పడతాయి. తేనె ఏడాది లోపు అసలు పెట్టొద్దు.

నాలుగోది తినిపించే తీరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నల్గొండ జిల్లాలో 60 ఊళ్లను మూడు గుంపులు చేసి, పిల్లలకు మూడు నెలలప్పటి నుంచి పదిహేను నెలల వరకు ప్రయోగం చేసింది. ఒక గుంపుకు మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో గుంపు తల్లుల ఇళ్లకే వెళ్లి ఏం పెట్టాలో నేర్పారు. మూడో గుంపుకు దాంతోపాటు పిల్ల సైగల్ని గమనిస్తూ ఓపిగ్గా తినిపించడం, ఆడించడం నేర్పారు. తిండి నేర్పిన రెండు గుంపుల్లోనూ పిల్లలు తినే తిండి మెరుగైంది. రెండో గుంపులో పొట్టిగా మిగిలే ప్రమాదం తగ్గింది. మూడో గుంపులో పిల్లల మానసిక వికాసం స్కోర్లు పెరిగాయి. 2013లో అచ్చయిన ఈ అధ్యయనం మన ఊళ్లలో, మన తల్లులతో జరిగింది. ఉచితంగా ఆహారం పంచి సాధించింది కాదు, ఇంటికెళ్లి చెప్పి సాధించింది. మీ తరగతికి ఇంతకంటే దగ్గరి రుజువు నాకు తెలియదు.

ఆచరణలో దీని అర్థం చిన్నది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూ, ముద్ద ముద్దకీ ఆగి పెట్టడం. పిల్ల మొహం తిప్పుకుంటే ముక్కు మూసి కుక్కకుండా రెండు నిమిషాలు ఆగి మళ్లీ అడగడం. ఫోన్ చూపించి తినిపిస్తే నోరు తెరుస్తుంది గానీ, ఏం తింటోందో పిల్లకు తెలియదు, ఎప్పుడు చాలిందో తల్లికి తెలియదు.

ఇప్పుడు అంకెలు. ఇరవై నిమిషాల్లో నేర్పాల్సినవి ఇంట్లో ఆ వారమే పనికొచ్చేవి కావాలి. పుట్టిన తేదీ నుంచి నెలలు లెక్కించడం. తూకం ముల్లు చదవడం. సీసా మీద గడువు తేదీ పోల్చుకోవడం. డ్రాపర్ మీద 1 మి.లీ. గీత గుర్తుపట్టడం, ఎందుకంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకిచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, సారికి ఒక మిల్లీలీటర్. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేస్తారు. అది మామూలేనని ముందే చెప్పండి.

విరేచనాలప్పుడు అంకెలు ఇంకా ముఖ్యం. లీటరు నీళ్లకు ఉద్దేశించిన ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. చాలామంది చిటికెడు పొడి అరగ్లాసులో కలుపుతారు. అలా కలిపిన నీళ్లలో ఉప్పు మరీ ఎక్కువో తక్కువో అవుతుంది. ఆరు నెలలు దాటిన పిల్లకు జింక్ మాత్ర 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మూడో రోజుకు విరేచనాలు తగ్గుతాయి, నాలుగో రోజు మాత్ర ఆగిపోతుంది. గోడ మీద బొగ్గుతో 14 గీతలు గీసి రోజుకొకటి కొట్టేయమంటే ఆగదు. తిండి ఆపకూడదు. పళ్లొస్తున్నాయి, విరేచనాలు మామూలే అని వదిలేయకూడదు. తగ్గాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టాలి. జబ్బుపడ్డ ప్రతిసారీ పోయిన బరువు తిరిగి రాకముందే ఇంకో జబ్బు రావడం వల్లే పిల్లలు మెట్టు మెట్టుగా దిగిపోతారు.

ఎదుగుదల చార్టులో రంగు కంటే గీత ఎటు పోతోందో చూడటం నేర్పండి. సగటు ఆడపిల్ల ఆరు నెలలకు 7.3 కిలోలు, ఏడాదికి 8.9 కిలోలు. అంటే నెలకు పావు కిలో పైచిలుకు పెరగాలి. పచ్చరంగులోనే ఉన్నా రెండు నెలలు గీత అడ్డంగా పడుకుంటే ఆ ఇంటికి వెళ్లాల్సిందే. చేతి చుట్టుకొలత టేపు ఒకటి తెప్పించుకోండి. ఆరు నెలలు దాటిన పిల్లకు ఎడమ భుజానికీ మోచేతికీ మధ్య కొలిస్తే 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే జాగ్రత్తపడాలి. 11.5 కంటే తక్కువ వచ్చినా, రెండు పాదాల్లోనూ నీరు దిగి నొక్కితే సొట్ట పడినా మీ తరగతి పాఠాలతో ఆగొద్దు. ఏఎన్‌ఎంతో మాట్లాడి అదే రోజు పోషకాహార పునరావాస కేంద్రమున్న ఆసుపత్రికి పంపించండి.

ఎవరు రావాలి అన్నది ఏం నేర్పాలి అన్నంత ముఖ్యం. పత్తి ఏరడానికో మిరపకోతకో తల్లి ఏడింటికే వెళ్లిపోతే, పిల్లకు మధ్యాహ్నం పెట్టేది నాయనమ్మో పదేళ్ల అక్కో. తల్లికి మాత్రమే నేర్పితే సాయంత్రం ఒక్కపూటే మారుతుంది. అత్తగార్లను పిలవండి, కానీ తప్పులెన్నడానికి పిలిచినట్టు ఉండకూడదు. వంట చేసి చూపించే పనిని వాళ్లకే అప్పజెప్పండి. చదువుకున్న కోడలికీ చదువులేని కోడలికీ ఉన్న పెద్ద తేడాల్లో ఒకటి ఇంట్లో మాట చెల్లడం. ఆ మాట తరగతిలో రాదు. అత్తగారి నోటితోనే చెప్పిస్తే కోడలు పోట్లాడాల్సిన పని తప్పుతుంది. గుడ్లు, పప్పు కొనుక్కొచ్చేది మగవాళ్లయితే నెలకో సాయంత్రం వాళ్లనూ కూర్చోబెట్టండి.

బాలింత పథ్యం గురించి ఈ పెద్దవాళ్లతోనే మాట్లాడాలి. నెలల తరబడి పప్పు, ఆకుకూర, పెరుగు ఆపేసి, నీళ్లు కూడా తగ్గించి, కారప్పొడి అన్నంతో ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మొత్తం మానేయమంటే వినరు. పదకొండో రోజు నుంచి పెసరపప్పు, మునగాకు, నీళ్లు అడిగినన్ని అని మూడింటికి ఒప్పించండి చాలు.

తరగతులు చెడిపోయే తీరు దాదాపు అంతటా ఒకటే. మూడు రంగుల ఆహారం పటం గోడకు తగిలించి ప్రొటీన్లు, విటమిన్లు అని అరగంట చెబుతారు. నాలుగేళ్ల పిల్లల తల్లులతో గది నింపేసి, ఎనిమిది నెలల పిల్ల తల్లి రాలేదని గమనించరు. హాజరుపట్టీ చూసి విజయం అనుకుంటారు. మీరు కొలవాల్సింది నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా పిల్ల ఏమేం తిన్నదీ, ఎన్నిసార్లు తిన్నదీ. తరగతులకు ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి అడిగి రాసుకోండి. ధాన్యం, పప్పు, పాలు, గుడ్డు, మాంసం లేదా చేప, పసుపుపచ్చ పండ్లు, ఆకుకూరలు, ఇతర కూరగాయలు, తల్లిపాలు: వీటిలో ఎన్ని రకాలు పెరిగాయో చూడండి. మూడు నెలల్లో ఎత్తు తేడా వెతక్కండి, కనపడదు. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో చాలా పెద్ద ప్రయోగాల్లో కూడా పోషణ వల్ల ఎత్తులో వచ్చిన మార్పు కొద్దిగానే ఉంది. మరుగుదొడ్లు, చేతులు కడుక్కోవడం నేర్పడం వల్ల ఎత్తు పెరగనేలేదు. అందుకని శుభ్రత మానేయమని కాదు. ఒక తరగతి మీద మోయలేనంత ఆశ పెట్టుకోవద్దని చెబుతున్నాను.

తరగతితో కానిది ఏమిటో కూడా చెప్పాలి. ఇంట్లో పప్పు కొనే డబ్బు లేకపోతే జ్ఞానం ఉడకదు. అలాంటి ఇంటికి రేషన్ కార్డు, అంగన్‌వాడీ నమోదు, ఉపాధి కూలీ డబ్బులు ఆగి ఉంటే వాటిని కదిలించడం మీ పాఠం కంటే ముందు పని. ఇంకోటి పెళ్లి వయసు. మొదట చెప్పిన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. తన ఒళ్లే ఎదగని పిల్ల కడుపులో బిడ్డ బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువ. ఆ వెనకబాటు ఆరో నెలలో చెంచాతో తీరేది కాదు. బంగ్లాదేశ్ 1994 నుంచి పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకు ఉపకారవేతనం ఇచ్చింది, చదువు అయ్యేదాకా పెళ్లి కాకూడదన్న షరతుతో. అసలైన తల్లి చదువు అదే, ఆమె ఇంకా తల్లి కాకముందు అందేది. కాబట్టి మీ సంఘంలో తొమ్మిది, పదో తరగతుల్లో బడి మానేసే అవకాశమున్న ఆడపిల్లల జాబితా ఒకటి పక్కన పెట్టుకోండి. దాన్ని ఈ గంటలో కలపకండి, అది వేరే పని, ఏళ్లు పట్టే పని.

మొదటి రోజుకు కావలసినవి ఇవి: 250 మిల్లీలీటర్ల గిన్నెలు రెండు, చిన్న చెంచాలు వచ్చే తల్లులందరికీ సరిపడా, చిన్న కుక్కర్, పొయ్యి, పావుకిలో బియ్యం, అరపావు పెసరపప్పు, నూనె, ఒక కట్ట పాలకూర, ఆ ఊళ్లోనే ఎవరింట్లోనైనా ఆ పొద్దున కాచిన జావ ఒక గ్లాసు, సబ్బు, బకెట్టు నీళ్లు. పిల్లలు ఆకలిగా ఉండే వేళ చూసి పెట్టుకోండి, వండింది అక్కడే తినిపించాలి. రెండో వారం ఎవరు ఇంట్లో చేశారో చేతులెత్తమనొద్దు, అందరూ ఎత్తుతారు. గిన్నె తెచ్చి చూపించమనండి.